బురద దొంగలు

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేవాణ్ని కాదు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మొదటి ఉద్యోగంతో వచ్చింది. అమీర్‌పేట హాస్టల్లో నా గదివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి పోతుంటే, సివిల్ చదివిన నేనొక్కణ్నే పంజాగుట్ట వెనక గల్లీలో ఒక బిల్డింగ్ సైట్ మీద మట్టికి కాపలా ఉండేవాణ్ని. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'సైట్ ఇంజనీర్' అనే చెప్పేవాణ్ని. అబద్ధమేమీ కాదు.) అక్కడ సెల్లార్ కోసం నేల తవ్వుతున్నారు. పేరులోనే గుట్ట ఉన్న చోటు కదా, వాన పడితే తవ్విన మట్టంతా పల్లానికి ప్రయాణం కట్టేది. దాన్ని గేటు దాటనివ్వకపోవడం నా పని. అందుకని వాలుకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్పించాను, వాటి తరవాత మట్టిని వడకట్టే గుడ్డ కంచె కట్టించాను, అన్నిటికంటే దిగువన ఓ పెద్ద గుంత తవ్వించాను. వాననీళ్లు ఆ గుంతలో కాసేపు నిలబడతాయి, బురద అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లు మాత్రమే గేటు బయటి మోరీ కాలవలోకి పోతాయి.

ఈ ఏర్పాట్లేవీ లేనప్పుడు, అంటే నేను చేరకముందు, ఒక వానకి మా మట్టి పోయి మోరీని పూడ్చేసింది. నీళ్లు కింది అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దూరి స్కూటర్లను సగం దాకా ముంచాయి. మున్సిపల్ ఇంజనీర్ గారు (గోదావరి వైపు మనిషి, మర్యాద తగ్గకుండా తిట్టేవారు) వచ్చి, ఇంకొక్కసారి మీ మట్టి బయటికొస్తే పని ఆపించేస్తానని చెప్పి వెళ్లారట. నేను చేరిన రోజే మా మేనేజర్ నా భుజం మీద చెయ్యేసి, "పని ఆగితే అందరికన్న ముందుగాల ఆగేది నీ నౌకరే తమ్మీ. జర చూసుకో" అన్నాడు. చాలా ఆప్యాయంగానే అన్నాడు. ఆయన బామ్మర్ది కూడా ఆ ఏడే సివిల్ పాసయ్యాడని టీకొట్టు దగ్గర తెలిశాక, ఆ ఆప్యాయత నాకు అంతగా నచ్చలేదు.

మొదటి పెద్ద వాన ఓ మధ్యాహ్నం కురిసింది. సాయంత్రానికి పైనీళ్లు తోడించేసరికి గుంత అడుగున బురద గడ్డపెరుగులా నిలిచింది. మట్టి తోలే టిప్పర్ వచ్చేదాకా అక్కడే ఉండనిమ్మని చెప్పి, గర్వంగా హాస్టల్‌కి పోయి పడుకున్నాను. పొద్దున వచ్చి చూస్తే బస్తాలు కదల్లేదు, కంచె వంగలేదు, గుంత మాత్రం ఎవరో గిన్నె ఊడ్చుకు తిన్నట్టు ఉంది. ఇంజనీర్ గారికి కూడా రావడానికి ఆ రోజే దొరికింది. ఆయన గుంతలోకి చూశారు, తరవాత నా మొహంలోకి చూశారు.

"ఏంటండీ, మట్టేది?"

"ఎవరో ఎత్తుకుపోయారు సార్."

"బంగారం ఎత్తుకెళ్లేవాళ్లని చూశాం, బైకులు ఎత్తుకెళ్లేవాళ్లని చూశాం. బురద ఎత్తుకెళ్లేవాళ్లు మీ సైట్‌కే వస్తారేంటండీ? ఇక్కడ లేదంటే మోరీలోకి పోయినట్టే కదా. వచ్చే వానకీ ఇలాగే ఉంటే ఇంక నేను మాట్లాడను, పని ఆపేస్తాను."

మట్టిని పట్టుకోలేక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఉంటారేమో గానీ, పట్టుకుని కూడా పోగొట్టుకోబోతున్నవాణ్ని నేనొక్కణ్నే అనిపించింది. దాంతో ప్రతివాడి చెప్పుల వంకా చూడడం మొదలుపెట్టాను. బోరబండ నుంచి వచ్చే నైట్ వాచ్‌మన్ చాచా చెప్పులు మరీ శుభ్రంగా ఉన్నాయి. "రాత్రి దొంగలెవరన్నా వచ్చిండ్రా చాచా?" అని అడిగితే, "తోబా తోబా, నేనుండంగ దొంగలొస్తరా సాబ్" అన్నాడు. మరీ తొందరగా అన్నాడు. టిప్పర్ డ్రైవర్ నన్ను చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడు? మేనేజర్ గుంత పక్కన నిలబడి ఫోన్లో గుసగుసగా మాట్లాడాడు. ఎవరితో? (బామ్మర్దితోనే అని ఆ క్షణంలో రాసిచ్చి ఉండేవాణ్ని.)

రెండో వాన వెలిసిన సాయంత్రం, పునాదులు గుర్తుపెట్టడానికి ఉంచిన ముగ్గుపిండి తీసుకుని, అందరూ పోయాక గుంత చుట్టూ వెడల్పుగా చల్లాను. దొంగ ఎటునుంచి వచ్చినా అడుగు పడాలి, పొద్దున చెప్పులతో సరిచూసుకోవాలి. ఇంత తెలివి నాకు పరీక్షల్లో ఎప్పుడూ రాలేదు.

పొద్దున పోయి చూస్తే బురద లేదు. ముగ్గుపిండి మీద ఒక్క అడుగు కూడా లేదు. పైగా గుంత గట్టున పసుపు, కుంకుమ, రెండు బంతిపూలు ఉన్నాయి. టిప్పర్ డ్రైవర్ దూరం నుంచే ఇంజిన్ ఆపి, "ఎవరో ఏదో చేసిండ్రన్నా. నేనైతే గటు బండి పెట్ట" అన్నాడు. నేను చదువుకున్నవాణ్ని, ఇలాంటివి నమ్మను. కాకపోతే నేనూ అటు పోలేదు. మేమిద్దరం అలా నిలబడి ఉండగానే ఇంజనీర్ గారు వచ్చారు, వెనకాలే మేనేజర్.

"పూజ చేస్తే మట్టి ఆగుతుందని ఎవరు చెప్పారండీ మీకు?" అంటూ ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. పని ఆపమని చెప్పడానికే. మేనేజర్ నా వైపు జాలిగా చూశాడు. సరిగ్గా అప్పుడు గేటులోంచి, చేతిలో ఖాళీ బకెట్‌తో, కింది అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ ఆంటీ వచ్చింది.

"బిడ్డా, మట్టి ఇంకింత ఎప్పుడొస్తది? గీ పాలి మస్తు మంచిగుంది."

ఇంజనీర్ గారు ఫోన్ దించారు. ఆంటీయే చెప్పుకుపోయింది. "మా సెల్లార్ల నీళ్లొచ్చిననాడు కడుగుతుంటే చూసిన, మీ మట్టి వెన్న లెక్కుంది. ఒక్క రాయి లేదు. దీంతోని గణపతులు చేస్తే మంచిగొస్తరని గప్పుడే అనుకున్న. మా బిల్డింగ్ ఆడోళ్లమంతా తెల్లారగట్ల వచ్చి తీస్కపోతున్నం. నిన్న మీరు సుత చుట్టూ ముగ్గేసిండ్రు కద, సంబురమనిపించి పసుపు కుంకుమ పెట్టినం."

"మరి అడుగులు పడలేదేంటి ఆంటీ?" అన్నాను నీరసంగా.

"ముగ్గును తొక్కుతమా బిడ్డా? గాడున్న పొడుగు చెక్కను గట్టు దాక ఏసుకుని దాని మీదకెల్లి నడిచినం."

ఇంజనీర్ గారు ఇది కూడా నమ్మలేదు. చూపించమన్నారు. అందరం ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగాం. ఒకప్పుడు స్కూటర్లు మునిగిన చోట, పేపర్లు పరిచి వరసగా గణపతులు ఆరుతున్నారు, తొండాలన్నీ ఒకే వైపు. ఇంజనీర్ గారు ఒకాయన బొజ్జను గోటితో గీరి, ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, గుంత గట్టు నుంచి తెచ్చిన చిటికెడు మట్టితో పోల్చి చూశారు. "ఇదంతా మోరీలోకి పోవాల్సిన సరుకేనన్నమాట" అని నెమ్మదిగా అన్నారు. పని ఆపక్కర్లేదన్నారు. వెళ్తూ వెళ్తూ ఒక గణపతిని పేపర్లో చుట్టించుకున్నారు. సాక్ష్యానికట. (చవితి పూజ చేసుకుని ఉంటారని నా అనుమానం.)

సాయంత్రం చాచాని నిలదీశాను. "ఆంటీలకి గేటు తీసింది నువ్వేనంట కదా, నేనడిగితే ఎవరూ రాలేదన్నావేం?" ఆయనకి కోపమొచ్చింది. "మీరు దొంగలొచ్చిండ్రా అని అడిగిండ్రు సాబ్. ఆంటీలు దొంగలా?" ఇక బామ్మర్ది సంగతి. ఆ కుర్రాడు అప్పటికే సివిల్‌కి దండం పెట్టి, మా హాస్టల్ పక్క వీధిలోనే సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో ఉన్నాడట. మేనేజర్ గుసగుసలన్నీ వాడికి ఫీజు కట్టడం గురించే.

చవితికి ఆంటీ నాకూ ఒక గణపతిని ఇచ్చింది. మూడో రోజు హాస్టల్ గదిలో బకెట్‌లోనే నిమజ్జనం చేశాం. గదివాళ్లు ఆ నీళ్లను బాత్రూంలో పారబోయబోతే, మా సైట్ మట్టి మళ్లీ మోరీలోకే పోతుందని ఒప్పుకోలేదు. రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు వంచేసి, అడుగు బురదను కవర్లో కట్టుకుని పొద్దున్నే సైట్‌కి పట్టుకెళ్లాను. గేటు దగ్గర చాచా ఆ కవర్ వంక, నా వంక చాలాసేపు చూశాడు. "అంటే మీరు సుత మట్టి తీస్కపోయిండ్రా సాబ్" అన్నాడు. ఎంత చెప్పినా ఆయన మొహంలో అనుమానం పోలేదు.

ఇప్పుడు అక్కడ అద్దాల బిల్డింగ్ ఉంది, మెట్రోలో పోతుంటే కనిపిస్తుంది. అటు చూసినప్పుడల్లా, ఆ నిమజ్జనం బకెట్‌ను ఎవరూ ముట్టుకోకుండా మంచాన్ని దాని పక్కకి జరుపుకుని పడుకున్న ఒక కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఉద్యోగం నిలబడిందని అందరూ చెప్పారు. వాడొక్కడే ఇంకా పూర్తిగా నమ్మినట్టు లేడు.