పొట్టి మెడ గిటారుకు అయిదో తీగ

పోయిన నెల నెల్లూరులో వాయిద్యాల కొట్టుకు వెళ్ళి బేస్ గిటారు చూపించమని అడిగితే, కొట్టాయన నా నెరిసిన జుట్టునూ, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మా కూతురి కూతురినీ మార్చి మార్చి చూసి, "పాపకా అమ్మా? ముందు కీబోర్డు నేర్పించండి" అన్నారు. నాకేనని చెప్పాక ఆయన గొంతులో మర్యాద రెండింతలైంది. అరవై దాటిన ఆడమనిషి గిటారు కొనకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు కాబట్టి నేనూ బెట్టుగానే నిలబడ్డాను.

నా చేతులు చిన్నవి, పైగా ఈ మధ్య వేళ్ళ కణుపులు మాట వినడం లేదు కనుక మెడ పొట్టిగా ఉండేది కావాలన్నాను. మామూలుగా ఉండే నాలుగు తీగలు చాలవు, వాటికంటే లావుగా, ఇంకా మంద్రంగా పలికే అయిదో తీగ కూడా ఉండాలన్నాను. పేచీ అక్కడే వచ్చింది. అంత లావు తీగకు బిగువు రావాలంటే మెడ పొడుగుండాలనీ, పొట్టి మెడ మీద అది పాత నులక మంచంలా వదులైపోతుందనీ, రెంటిలో ఏదో ఒక ఆశ వదులుకోమనీ ఆయన ఓపికగా చెప్పారు. నా వేళ్ళకు ఒకటి కావాలి, నా చెవులకు ఇంకొకటి కావాలి, ఏది వదులుకోను? చివరకు ఆయనే అయిదు తీగల పొట్టి దాన్ని ఒకటి దించి, దాని అయిదో తీగ తీసి మరికాస్త లావుది ఎక్కించి, బిగించి, స్పీకరుకు తగిలించి మీటారు. అద్దాల బీరువా సన్నగా వణికింది. నాకు మాత్రం ఆ నాదం చెవిలో కాదు, రొమ్ము ఎముకలో వినిపించింది. ఆ మోతను నేను చిన్నతనంలో మా ఇంట్లోనే విన్నాను.

మాది కృష్ణపట్నం పక్కన, ఇంట్లో కూర్చుంటే సముద్రం వినిపించే ఊరు. అప్పటికి ఈ క్రేన్లూ, పొగగొట్టాలూ లేవు, కంపెనీ బస్సులూ లేవు. మా నాన్న చర్చిలో పాట ఎత్తేవారు. ఆయన ఎత్తిన పాట మిగతా అందరూ అందుకునేవారు. అయితే మా ఇంటి మగవాళ్ళకు తల నెరవకముందే చెవులు పోయేవి. తాతకు పోయాయి, తర్వాత నాన్నకు పోయాయి. సముద్రపు హోరు చెవిలో దూరిందని ఊళ్ళో అనేవారు, మా అమ్మ కూడా అదే నమ్మేది. తూర్పు గాలి మొదలైతే చాలు, మా అన్న చెవుల్లో ఆముదంలో ముంచిన దూది పెట్టి, పైన తువ్వాలు చుట్టి గానీ బయటికి పంపేది కాదు. మీసాలొచ్చిన కుర్రవాడు చెవుల చుట్టూ తువ్వాలుతో చర్చికి వస్తుంటే నా స్నేహితురాళ్ళు నవ్వేవారు, నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ దూది చూసినప్పుడల్లా మా ఇంటి గుమ్మం బయట ఎవరో నిలబడి వంతు కోసం చూస్తున్నట్టు ఉండేది.

అన్న నెల్లూరులో రైసు మిల్లులో పనికి కుదిరాక, మద్రాసు వెళ్ళి ఎవరో వాడి అమ్మేసిన బేస్ గిటారు ఒకటి, దాని స్పీకరు పెట్టెతో సహా తెచ్చాడు. గిటారును దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. మా మేనత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందబ్బయా, గిటారుకు ఆరు తీగలు గదా ఉండాల్సింది, నాలుగే ఉండాయే! మిగతా రెండూ బస్సులో పారేసుకున్నావా?" అంది. ఊరంతా చాలా రోజులు అదే మాట చెప్పుకుని నవ్వుకున్నారు. కానీ హార్మోనియం, డోలకుల కింద అది పలకడం మొదలయ్యాక చర్చిలో పాటకు ఒక నేల దొరికింది. నేను క్వయరులో సన్నగొంతు వరసలో పాడేదాన్ని, ఇంట్లో వాడి గిటారు తీసుకుని నా వేళ్ళు మొదటి మెట్లకు అందక ఏడ్చేదాన్ని కూడా.

ఒక సాయంత్రం, వానలు వెలిసిన రోజుల్లో, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. చెవులు చిల్లులు పడేలా కీచురాళ్ళు అరుస్తున్నాయి. అన్న చీకటిలోకి చూస్తూ, "ఏమ్మే, ఈ ఏడు కీచురాళ్ళు రాలేదేంది?" అన్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. వాడు వేళాకోళం ఆడడం లేదు. గుమ్మం బయట నిలబడ్డవాడు లోపలికి వచ్చేశాడని నాకప్పుడే అర్థమైంది. వాడికీ నా మొహం చూడగానే అర్థమైంది, ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చెబితే క్వయరులో వాడి చోటు పోతుంది. నాన్నకు అలాగే పోయింది.

తర్వాత సైకిలు బెల్లు పోయింది, పిల్లల కేకలు పోయాయి, నా గొంతు పోయింది. నేను పాడుతుంటే వాడు నా పెదవుల వంక చూడడం మొదలుపెట్టాడు. పైనుంచి ఒక్కొక్క స్వరమే రాలిపోతుంటే కింద మిగిలిన వాటిని పట్టుకోవాలని వాడు గిటారు లావు తీగను వారం వారం కాస్త వదులు చేసి, ఇంకా మంద్రంలోకి దించుకుంటూ పోయాడు. ఆ నాదం మా అమ్మకు గిట్టేది కాదు. వాయుగుండం పట్టే ముందు సముద్రం మూలిగినట్టుందనేది. "ఆపరా నాయనా, కడుపులో దేవుతుండాది" అని వంటింట్లోంచి అరిచేది, అది వాడికి వినపడేది కాదు. మా పెరట్లో కోళ్ళు కూడా ఆ మోతకు గంప కిందికి దూరేవి. ఇరుగుపొరుగు వాళ్ళు బయటికొచ్చి తూర్పు వైపు ఆకాశం చూసి లోపలికి వెళ్ళేవారు. మేఘం ఎక్కడా ఉండేది కాదు. రావలసింది మా ఇంటి మీదికి మాత్రమే వస్తోందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతోంది. మిట్టమధ్యాహ్నం, చర్చి నిండా జనం, ఉక్కపోత. ప్రభువు ప్రాణం విడిచిన మాట దగ్గర పాట అయిపోగానే అందరూ మోకాళ్ళ మీదికి వచ్చి మౌనంగా ప్రార్థన చేయడం మా ఆచారం. పాట అయిపోయింది. డోలకు ఆగింది, హార్మోనియం ఆగింది, జనం మోకరించారు. అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు, వాడికి పాట ఆగినట్టు తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో వాడి లావు తీగ ఒక్కటే నేల కింది నుంచి మోగుతూ పోయింది. బల్లలు అదిరాయి. ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చింది, తర్వాత చర్చంతా ఏడ్చింది. ఆ ఘడియలో భూమి వణికిందంటారు గదా, అది తలపుకు రావాలనే ఈ అబ్బాయి ఇలా వాయించాడని అందరూ అనుకున్నారు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే గానీ వాడు కళ్ళు తెరవలేదు. తెరిచి, మోకరించి ఏడుస్తున్న జనాన్ని చూసి వాడి మొహం పాలిపోయింది. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాడి చెయ్యి పట్టుకుని, "దేవుడే నీ చేత వాయించినాడు నాయనా" అన్నారు. వాడు ఆయన పెదవులు చూసి తల ఊపాడు. తర్వాతి ఏడు నుంచి ప్రతి గుడ్ ఫ్రైడేకూ అలాగే వాయించమని అడిగేవారు, వాడు వాయించేవాడు, ఆపాల్సిన చోట నేను భుజం తట్టేదాన్ని.

నా పెళ్ళయ్యాక ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు, వాడు గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగ మీటి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, నా వైపు చూసి "మోగుతుండాదా?" అని అడిగాడు. మోగుతోందని తల ఊపాను. వాడు దాన్ని దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. మళ్ళీ దించలేదు. ఆ ప్రశ్న అడిగినప్పటి వాడి కళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

ఆడవాళ్ళ జోలికి రాదనుకున్నాం. నా జోలికి వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. మొదట కుక్కరు కూత పోయింది, ఇప్పుడు మనవరాలి పాటలో పై స్వరాలు పోతున్నాయి. దాని నోరు తెరిచి ఉంటుంది, నాకు గాలి మాత్రమే తెలుస్తుంది. అందుకే ఆ గిటారు కొన్నాను. కింద నేను వాయిస్తుంటే, పైన దాని పాట ఎక్కడుందో నా వేళ్ళకైనా తెలుస్తుందని ఆశ. కొట్టాయన చెప్పినట్టు ఆ తీగ కొంచెం వదులుగానే పలుకుతుంది, అయినా పలుకుతుంది.

డాక్టరు గారు నా చెవులు చూసి, మా అన్న సంగతి కూడా విని, ఇది గాలి వల్లా కాదు, మిల్లు మోత వల్లా కాదు, మీ రక్తంలో నడుస్తోందమ్మా అన్నారు. మా కూతురి చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అయినా మనవరాలికి ఒకసారి పరీక్ష చేయిస్తే ముందే తెలుస్తుందన్నారు. మన రోజుల్లో ఏదైనా వచ్చి మీద పడ్డాకే తెలిసేది. దూదీ ఆముదమూ తప్ప మందు లేదు, పేరు కూడా లేదు. ఇప్పుడు పేరుంది, యంత్రాలున్నాయి, రాబోయేది ముందే తెలుసుకునే దారి ఉంది. మంచిదే, కాదనను. కానీ మా అన్న కీచురాళ్ళు పోయేదాకా ఏ దిగులూ లేకుండా వాయించుకున్న ఏళ్ళు కొన్ని ఉన్నాయి, అలాంటి ఏళ్ళు ఇక ఎవరికీ ఉండవేమో అనిపిస్తుంది.

వచ్చే వారం పిల్లకు పరీక్ష. అది ఉత్త చెకప్పు అనుకుంటోంది. సాయంత్రం బడి నుంచి రాగానే నా ఎదురుగా కూర్చుని పాడుతుంది, నేను పెదవులు చూస్తూ వాయిస్తాను. పాట అయిపోగానే ఇంకొకటి పాడమంటాను, అది కాగానే మరొకటి. తన పాటంటే అమ్మమ్మకు ఎంత ఇష్టమోనని అది మురిసిపోతూ మళ్ళీ మొదలుపెడుతుంది.