రిజిస్టరులో కలిపేసిన హైదరాబాదు

1948 సెప్టెంబరులో నేను చిత్తూరులో ఒక మేజిస్ట్రేటు కోర్టుకు బెంచి క్లర్కును. వారెంట్లకు నా బల్ల మీద రెండు రిజిస్టర్లుండేవి. మన రాష్ట్రాల కోర్టులు పంపినవి మొదటిదాంట్లో రాస్తే ముద్దాయిని ఆ రోజే పంపేయవచ్చు. సంస్థానాలవి రెండోదాంట్లో రాయాలి. మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు వచ్చేదాకా మనిషిని కదిలించకూడదు.

హైదరాబాదు లొంగిపోయిందని పత్రికలో చదివి ఆఫీసంతా మిఠాయి పంచినవాణ్ణి నేనే. ఆ వారంలోనే అక్కడి కోర్టు ఎప్పుడో రాసిన వారెంటు ఒకటి టపాలో వచ్చింది. ముద్దాయి మునిరత్నం నగరి నేతగాడు, ఆ రాజ్యంలో కొన్నాళ్ళు మగ్గం పని చేసి వచ్చినవాడు. నేరం రాయవలసిన చోట సెక్షను నంబరు మాత్రమే ఉంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ ఉత్తర్వూ రాకముందే హైదరాబాదు మనదైపోయిందని మొదటి రిజిస్టరులో ఎక్కించాను. నా పొడి సంతకాన్ని నమ్మి మేజిస్ట్రేటు గారు సంతకం చేశారు.

మర్నాడు మునిరత్నం తండ్రి వకీలును వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ సెక్షను అక్కడ మన జెండా ఎగరేసినందుకు పెట్టిందని వకీలు చెప్పాడు.

"హైదరాబాదు మనదైతే మన జెండా పట్టుకునేది తప్పెట్లయితాది సామీ? మనది కాదంటే, పరాయి రాజ్యానికి నా బిడ్డను ఎవురి ఆర్డరుతో పంపినారు?" అని ఆ తండ్రి నన్నే అడిగాడు. అప్పటికే పోలీసులు అతని కొడుకును రేణిగుంటలో రైలెక్కించారు.

మేజిస్ట్రేటు గారు పత్రిక నా ముందుకు తోశారు. పారిస్‌లో భద్రతా మండలి ముందు హైదరాబాదు ఫిర్యాదు ఉంది. పాకిస్తాన్ దీన్ని దురాక్రమణ అంటోంది, మనవాళ్ళు ఇంటి వ్యవహారమంటున్నారు, తక్కిన దేశాలు ఎటూ తేల్చడం లేదు. "ఇంతమందికి తెగని వ్యవహారం నువ్వొక్కడివే తెంచేసినావు గదయ్యా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మనిషిని వెనక్కి పంపమని తంతి ఇచ్చాం. జవాబు లేదు. మునిరత్నం మూడు నెలలకు తిరిగొచ్చాడు. జైల్లో విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుపోయింది. పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు చూసి, ఇంత ఆలస్యమయ్యాక చేయగలిగిందేమీ లేదన్నారు. అతను మళ్ళీ మగ్గం మీద నాడె విసరలేదు.

నాకు మెమో కూడా రాలేదు. దేశాలు కలిసినా విడిపోయినా, ఉత్తర్వు చేతికి అందేదాకా ఏ ఊరినీ ఒక రిజిస్టరు నుంచి ఇంకోదానికి మార్చకూడదని నేర్చుకున్నాను. అది నేర్చుకోవడానికి పోయింది మాత్రం నా చెయ్యి కాదు.