మాలకొండయ్య కుడిచెవి

దుంగకు చెవి ఆనించి వినందే మాలకొండయ్య ఎవరినీ కలప కొననిచ్చేవాడు కాదు. నాగలికి కట్టె కావాలన్నా, పెండ్లికి పందిరిమంచం చేయించాలన్నా, రాచర్ల చుట్టుపక్కల వాళ్లు ముందు ఆయన ఇంటికి పోయి, "మామా, ఒకసారి వచ్చి వినిపో" అని అడగాల్సిందే. చూసిపో అని ఎవరూ అనరు. వినిపో అంటారు.

ఆ చెవి కుడిచెవి. దానికి జరిగే మర్యాద ఆ ఫిర్కాలో రెవిన్యూ ఇన్స్పెక్టరుకు కూడా జరిగేది కాదు. చలి మొదలుగాకముందే దాంట్లో దూది పెట్టుకునేవాడు. ఎండాకాలం వడగాలి తగలకుండా పైపంచె చుట్టుకునేవాడు. "మరి ఎడమచెవి ఏం పాపం చేసింది మామా?" అని ఎవరన్నా అడిగితే, "అది మనుషుల మాటలు వినేదానికి. కట్టె మాట వినేది ఇదే" అనేవాడు.

గిద్దలూరు స్టేషను పక్కన ప్రకాశరావు కలప అడితి ఉండేది. నల్లమల నుంచి బండ్ల మీద దిగిన టేకు, నల్లమద్ది, యేగిస దుంగలు అక్కడ గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. మాలకొండయ్య లోపలికి పోతే అడితి అంతా గుడిలో హారతి వేళ మాదిరి అయిపోయేది. ఆయన పైపంచె పరిచి, నేలమీద ఒత్తిగిలి పండుకోని, దుంగ కోసిన మొహానికి కుడిచెవి ఆనించి కండ్లు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గొచ్చినా మింగుకోవాల్సిందే. ఒకసారి స్టేషనులో గూడ్సుబండి ఆవిరి వదుల్తా ఉంటే, "దాన్ని కాసేపు నోరు మూసుకోమని మాస్టరుకు చెప్పిరా పో" అన్నాడు. రాచర్ల మనిషి ఒకడు నిజంగానే పోయి చెప్పొచ్చినాడు.

దుంగకు అవతలి కొనను ఇనుపకడ్డీతో కొట్టాలి. అదీ ఎవరు పడితే వాళ్లు కొట్టగూడదు. అడితిలో కృపాకర్ అని ఒక ముసలాయన ఉన్నాడు. నలభై ఏండ్లు రంపపు గుంటలో కింద నిలబడి కోత కోసినాడు. పైనుంచి రాలిన పొట్టంతా కండ్లలో పడీ పడీ చూపు పోయింది. ఆయనే కొట్టాలి. ఆయన తడుముకుంటా వచ్చి, దుంగను ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో నిమిరి, టంగు టంగుమని కొట్టేవాడు. మాలకొండయ్య కాసేపు అట్లే ఉండి, లేచి దుమ్ము దులుపుకోని తీర్పు చెప్పేవాడు.

"ఇది వద్దు. గాలికి బెదిరిన చెట్టు, లోపల పుచ్చిపోయింది."

లేదంటే, "ఇది తీసుకో. నిమ్మళంగా పెరిగిన చెట్టు. నీ మనుమడి మనుమడి దాకా ఉంటది."

ఆ తీర్పు తప్పిందని చెప్పిన మనిషి లేడు.

ఆ యేడు రామసుబ్బయ్య పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు. పాత ఇంటి ద్వారబంధం ఆయన స్వయంగా ఏరుకొచ్చిన కట్టె. పైకి నిగనిగలాడతా ఉండేది. లోపల ఎప్పుడు చెదలు తినేసిందో ఏమో, ఒకనాడు బావమరిది భోంచేసి తాంబూలం నమల్తా దానికి ఆనుకుంటే, బావమరిదీ ద్వారబంధమూ కలిసి వీధిలో పడినారు. అప్పటినుంచి భార్య పుట్టింటివాళ్లు ఎవరు వచ్చినా వాకిట్లో మంచం మీదనే కూర్చోని మాట్లాడి పోతున్నారు. అందుకని ఆయన భార్య వెంకటసుబ్బులమ్మ ఒకటే మాట చెప్పింది: "ఈసారి మాలకొండయ్య మామ వినని కట్టె నా ఇంట్లోకి రాగూడదు."

శుక్రవారం పొద్దున ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం. వడ్రంగికి మూడురోజుల పని. సోమవారం ఎట్టయినా కట్టె చేతికి రావాలని, తెల్లవారక ముందే బండి కట్టి మాలకొండయ్యను ఎక్కించుకోని గిద్దలూరు చేరినాడు రామసుబ్బయ్య.

అడితిలో కృపాకర్ లేడు.

"పెద్దాయన ఏడీ?" అన్నాడు మాలకొండయ్య.

"మొన్ననే మాన్పించినా" అన్నాడు ప్రకాశరావు. "చూపు లేని మనిషిని పెట్టుకోని ఏం చేసేది? ఇదిగో, కొత్తమనిషిని పెట్టినా. వీడు కొట్టినాడంటే కంభం దాకా వినపడతది."

మాలకొండయ్య పైపంచె పరిచి పండుకున్నాడు. కొత్తమనిషి రెండుచేతులా కడ్డీ ఎత్తి కొట్టినాడు. రెక్కల చప్పుడు చేసుకుంటా పావురాళ్లన్నీ లేచిపోయినాయి.

"ఏం వినపడలే" అన్నాడు మాలకొండయ్య.

మళ్లీ కొట్టినాడు. అడితి పెంకుల్లోనుంచి మట్టి రాలింది.

"ఊహూ. ఏం లే."

"ఏంది మాలకొండయ్యా, ఊరంతా వినపడింది, నీ ఒక్కడికే వినపడలేదా?"

"చెవికి చెయ్యి అలవాటు పడాల రావుగారూ. పదైదేండ్లు ఒక చేతికి అలవాటు పడిన చెవి. ఇంకోచేతికి పలకదు."

ఆ మాట చెప్పి, ఆ దుంగమీదనే కూర్చోని సంగటి మూట విప్పినాడు. అప్పటికి హనుమంతునిపాడు నుంచి రెండు బండ్లు, దర్శి వైపు నుంచి ఒక బండి వచ్చి ఉన్నాయి. వాళ్లంతా సోమవారం మాలకొండయ్య వస్తాడని ముందే తెలుసుకోని, పనిలోపనిగా తమ దుంగలు కూడా వినిపించుకుందామని వచ్చినవాళ్లు. ఆయన కూర్చోవడం చూసి వాళ్లూ ఎడ్లను విప్పి, తలా ఒక దుంగ చూసుకోని కూర్చున్నారు.

 రామసుబ్బయ్య దగ్గరికి పోయి మెల్లగా, "మామా, శుక్రవారం ముహూర్తం. నీ పంతానికి నా ఇల్లు ఆపొద్దు. ఏదో ఒకటి చూసి చెప్పు" అన్నాడు.

"ముహూర్తం పోతే ఇంకోటి వస్తది అల్లుడా. పుచ్చుకట్టె ఇంట్లోకి వస్తే పోదు" అని సంగటిలోకి ఎర్రగడ్డ కొరుక్కున్నాడు మాలకొండయ్య.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాలుగు బండ్లవాళ్లూ తిన్నారు, ఆకూవక్కా వేసుకున్నారు, ఒకాయన గురక కూడా పెడతా ఉన్నాడు. ఒక్క దుంగ కదల్లేదు. ప్రకాశరావు లోపలికీ బయటికీ పదిసార్లు తిరిగి, ఆఖరుకు విసుక్కోని, "ఆ ముసలాయన్ను బండిలో పిలుచుకరాపోండి" అన్నాడు.

కృపాకర్ ఉతికిన అంగీ తొడుక్కోని వచ్చినాడు.  దుంగల మీద చెయ్యేసి నిమరడం మొదలుపెట్టినాడు. మూడు దుంగలు మాలకొండయ్య వద్దన్నాడు. నాలుగో టేకుదుంగ దగ్గర మాత్రం కండ్లు తెరిచి, "అల్లుడా, ఇది ఎత్తించు. నీ బావమరిది ఏనుగునెక్కి వచ్చి ఆనుకున్నా కదలదు" అన్నాడు. పొద్దు వాలేలోపల నాలుగు బండ్లూ నిండినాయి. ప్రకాశరావు బండ్లను చూసినాడు, ముసలాయన్ను చూసినాడు. "రేపటినుంచి వచ్చేయి పెద్దాయనా. ఈయన చెవి బాగున్నన్నాళ్లు నీ పనికి ఢోకా లేదు" అన్నాడు.

తిరుగుదారిలో రామసుబ్బయ్య బండి తోల్తా, పక్కన కూర్చున్న మాలకొండయ్యను అడిగినాడు, "ఈ దుంగలో తలుపు రెక్కలు కూడా వస్తాయంటావా మామా?" జవాబు లేదు. మళ్లీ అడిగినాడు. లేదు. పొద్దున తాను విసుక్కున్నందుకు అలిగినాడేమో అనుకున్నాడు. ఇంతలో కాడి పలుపు సడలితే దిగి కట్టి, ఈసారి అవతలి పక్కనుంచి ఎక్కి అదే మాట అడిగినాడు.

"రెక్కలకు చాలదు. ఇంకో ముక్క కావాల" అన్నాడు మాలకొండయ్య వెంటనే.

రామసుబ్బయ్యకు ఏదో తట్టింది. వెనక్కి వంగి, కుడిచెవి పక్కన మామూలు గొంతుతో, "మామా, నీ పంచెకు నిప్పంటుకుంది" అన్నాడు.

మాలకొండయ్య ప్రశాంతంగా కొండలను చూస్తా ఉన్నాడు.

రామసుబ్బయ్య బండి ఆపేసినాడు. ఎడమపక్కకు జరిగి, "ఆ కుడిచెవి ఎన్నాళ్లనుంచి పనిచెయ్యట్లేదు?" అన్నాడు.

మాలకొండయ్య ఆయనవైపు చూసి, పట్టుబడిన దొంగ మాదిరి నవ్వినాడు. "ఏడేండ్లప్పుడు అమ్మవారు పోసింది. అప్పటినుంచి దాంట్లో పిడుగు పడినా తెలవదు."

"మరి కట్టె వినేది ఎవరు?"

"ఆ పెద్దాయనే. ఆయన చేతికి తెలవని కట్టె ఈ కొండల్లో లేదు. నేను మొదటిసారి బండి ఇరుసుకు కట్టె కొనను పోయినప్పుడు, వద్దని నా చెవిలో చెప్పినాడు, పాపం. అదే సమయానికి ప్రకాశరావు వచ్చి, ఏం చెప్తాండావని గద్దించినాడు. అడితిలో ఉప్పు తింటా కొనేవాళ్లకు గుట్టు చెప్తాడని తెలిస్తే ఆ పూటే వెళ్లగొడతాడు గదా. నాకేం తోచక దుంగమీద చెవి పెట్టి, 'ఆయన ఏం చెప్పలే, నాకే లోపల డొల్ల వినపడతాంది' అన్నా. ఆ ఒక్క అబద్ధానికి పదైదేండ్లనుంచి దుమ్ములో పండుకుంటాండా."

"మరి నీకెట్ల తెలిసేది?"

"మంచిదైతే మూడు దెబ్బలు, చెడ్డదైతే రెండు. అందరూ నా మొహం చూస్తారేగాని దెబ్బలు ఎవరు లెక్కపెడతారు?"

"అట్లయితే వినపడే చెవే ఆనించొచ్చు గదా."

"అది ఆనిస్తే ఎనకనుంచి ప్రకాశరావు వచ్చేది ఎట్ల తెలుస్తది? అది కాపలాకు."

రామసుబ్బయ్యకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, "ఈరోజు ఆయన రాకపోయింటే?" అన్నాడు.

"నాకు తుమ్మకూ టేకుకూ తేడా తెలుసు అల్లుడా. అంతకుమించి తెలవదు. నీకెట్ల కట్టె ఏరిచ్చేది? అయినా ఆ వయసులో ఆ మనిషి వేరేచోట ఏం పని దొరకబుచ్చుకుంటాడు?"

శుక్రవారం ముహూర్తానికి ద్వారబంధం నిలబడింది. ఆనుకోని చూడమని వెంకటసుబ్బులమ్మ తమ్ముణ్ణి పిలిపించింది. అతడు దూరంనుంచే దండం పెట్టినాడు. రామసుబ్బయ్య గుట్టు ఇంట్లో కూడా చెప్పలేదు. పైగా కనపడినవాళ్లందరికీ, "మాలకొండయ్య మామ చెవికి చీమ నడక వినపడతది. నేను కండ్లారా చూసినా" అని చెప్పడం మొదలుపెట్టినాడు. గిద్దలూరు అడితికి బండ్లు ఇంకా ఎక్కువైనాయి.

ఆ ప్రచారం తగలవలసిన చోటే గాక ఇంకోచోట కూడా తగిలింది. ఎగువవీధి పోలమ్మ సూడిమేకను తాడుతో పట్టుకోని వచ్చి, మాలకొండయ్య వాకిట్లో నిలబడింది. "అన్నా, దీని కడుపులో ఎన్ని పిల్లలున్నాయో విని చెప్పు."

మాలకొండయ్య తప్పించుకోను అటూ ఇటూ చూసినాడు. అరుగుమీద రామసుబ్బయ్య బుద్ధిమంతుడి మాదిరి కూర్చోని, "విను మామా, పాపం అడుగుతాంది గదా" అన్నాడు. ఇంక గతిలేక మాలకొండయ్య కూర్చోని, మేక కడుపుకు కుడిచెవి ఆనించి, కండ్లు మూసుకోని చాలాసేపు విన్నాడు. చివరకు, "రెండు" అన్నాడు.

వారం తిరిగేసరికి మేక మూడు పిల్లల్ని ఈనింది. వీధిలో ఎవరో ఎగతాళి చేస్తే పోలమ్మ ఒప్పుకోలేదు.

"మా అన్న చెవి తప్పదు" అన్నది. "ఆ మూడోది అప్పుడు నిద్రపోతా ఉండింటది."