ఈత పుల్లల లెక్క

మా ఆయన పోయాక ఇంట్లో కుర్రు మాటకు బదులు పలికేవాళ్లు లేకుండా పోయారు. మేం ఎరుకలోళ్లం. జమ్మలమడుగులో ఈత పుల్లలతో గంపలు అల్లి బతికినవాళ్లం. కుర్రు మా ఇండ్లలో మాట్లాడే భాష. నా కూతురిని బడిలో వేసినప్పుడు, "ఆడ మన మాట పలికినావంటే మూతి పగలగొడ్తా" అని నేనే బెదిరించాను. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని నా భయం. కూతురు మరిచిపోయింది. ఇంకెవరిని ఏమనాలి?

ఇప్పుడు ఆ కూతురి బిడ్డ మూడో తరగతి. వాళ్ల టీచరమ్మ ఒకరోజు ఇంటికొచ్చింది. శనివారం బడిలో పుస్తకాల చదువు ఉండదు, వచ్చి మీ భాషలో లెక్కపెట్టడం నేర్పమని అడిగింది. ఆ బడిలో మావాళ్ల పిల్లలు ఏడెనిమిది మంది ఉన్నారు, ఒక్కరికీ రాదు.

ఆమె గడప దాటగానే మనవరాలు మొహం ముడుచుకుంది.

"అవ్వా, నువ్వు రావాకు. అందరూ నగుతారు."

"నగితే నగనీ, నా పండ్లేమన్నా రాలిపోతాయా?"

అన్నాను గానీ, నేను నవ్వులపాలైతే ఈ పిల్ల ఇక ఆ భాష జోలికే రాదని లోపల గుబులు.

శనివారం ఉతికిన చీర కట్టుకుని పోయాను. నల్లబల్ల ముందర నిలబెట్టారు. మూడు దాకా చెప్పాను. అక్కడ నోరు ఆగిపోయింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి పలికిన లెక్క!

"అవ్వకే రాదంట, మనకేం నేర్పుతాది మే!" అంది వెనక ఒక పిల్ల. మనవరాలు తల దించేసింది.

అప్పుడు తెలిసింది నా తప్పు. మేం ఊరికే నిలబడి ఎప్పుడు లెక్కపెట్టాం? గంప అడుగు వేస్తూ, పుల్లకొక అంకె పలుకుతూ మా అమ్మ నాకు నేర్పింది.

"టీచరమ్మా, నిలుచుకోని నాకు రాదు. రోంత తాళు."

ఇంటికి పోయి తడిపిన పుల్లల కట్ట తెచ్చాను. నేలమీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. పుల్ల మీద పుల్ల వేస్తుంటే ఒండు, రెండు, మూడు, నాలు, అంజు... నోరు దానంతటదే పోయింది. పిల్లలు చుట్టూ మూగారు. "అవ్వా, నాకొగటి! నాకొగటి!"

మనవరాలు అందరికంటే చివర వచ్చింది. అడ్డం వేయాల్సిన పుల్ల నిలువుగా వేసింది. తీసెయ్యమని అలవాటుకొద్దీ మా మాటలోనే అన్నాను. తెలుగులో చెప్పేలోపే తీసేసింది. బదులు పలికే మనుషులు లేక ఇంట్లో కోళ్లతో నేను ఆ భాషలో మాట్లాడుకునేదంతా ఈ పిల్ల వింటూనే ఉందన్నమాట.

సాయంత్రం నేను గంప ముందేసుకుంటే, మనవరాలు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అవ్వా, అంజు తర్వాత ఏంది?"

"ఊరికే అడిగితే నాకు రాదు. పుల్ల తీసుకో మే."