గున్వర్ పిన్ని మెడలో పచ్చ నాణెం

మా గున్వర్ పిన్నికి నోటి దురుసని రేవులో అందరూ అనేవారు. అననీ! ఇప్పుడు ఎంత వెతికినా అలాంటి నోరు వినపడదు.

జర్మన్లు దేశాన్ని ఆక్రమిస్తే రాజుగారూ, ఆయన ప్రభుత్వమూ లండన్ చేరిన ఏడు, నార్వే ఆడవాళ్లు ఎందరో చేసినట్టే పిన్ని కూడా రాజముద్ర ఉన్న పాత తెల్ల నాణేన్ని తళతళా తోమి రొమ్ము మీద గుచ్చుకుంది. జర్మన్లు కుదరదన్నారు. మా ఊరి పోలీసు అన్‌స్టైన్ వచ్చి, నలుగురూ చూస్తుండగా దాన్ని ఊడబెరుక్కుపోయాడు. ఆ తర్వాత ఐదేళ్లు పిన్ని అతనితో మాట్లాడలేదు.

జర్మన్లు పోతూ పోతూ ఊరు తగలబెట్టారు. యుద్ధం ముగిసిన వేసవిలో మేమింకా గడ్డిపెళ్లల గుడిసెలోనే ఉన్నాం. ఆ చేపనూనె దీపం వాసన తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఓడ పనికి వెళ్లిన ఐలిఫ్ బాబాయి కోసం ఎదురుచూస్తుంటే, అతని తోటి నావికుడు ఒకడొచ్చాడు. మార్చిలో ఓడ మునిగి బాబాయి పోయాడట. తిరిగొచ్చే రోజు కోసమని ప్రభుత్వం లండన్‌లో కొట్టించిన పచ్చని ఇత్తడి నాణెం ఒకటి పిన్ని చేతిలో పెట్టాడు. అంతకుముందే బాబాయి పిన్నికిమ్మని అతనికిచ్చాడట. పిన్ని ఏడవలేదు. నాణెం మధ్య చిల్లులోకి ఎర్ర ఊలుదారం ఎక్కించి మెడలో కట్టుకుంది.

చలి మొదలయ్యాక అన్‌స్టైన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ పచ్చ నాణేలు చెలామణిలోకి రావటమ్మా. కరిగిస్తారట. ఎవరి దగ్గరున్నా తెమ్మని ఉత్తరం వచ్చింది."

"ఎవరు రాశారేం?"

"మన ప్రభుత్వమే."

"బాగుంది సంబడం! అప్పుడు రాజుగారి ముద్ర ఉందని పట్టుకెళ్లావు. ఇప్పుడు రాజుగారి వాళ్లే అడిగారని వచ్చావు. గద్దె మీద ఎవరున్నా నీ చెయ్యి నా మీదకేనా మావా?"

"నా ఉద్యోగం అలాంటిది, తల్లీ."

"అయితే కానీ. ఐలిఫ్‌కి సమాధన్నా లేదు. నాకు మిగిలింది ఇదొక్కటే. నువ్వే తెంపు."

మెడ చాపి నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది. అన్‌స్టైన్ చెయ్యి లేపాడు. దారం దాకా తెచ్చి దించేశాడు. కాగితం గోడకానించి పెన్సిలుతో రాస్తూ పైకే చదివాడు: "ఈ ఇంట ఒక్కటీ లేదు."

"అబద్ధం రాయడం నీకూ వచ్చన్నమాట! అప్పుడే రాయాల్సింది," అంది పిన్ని.

"రాయాల్సింది, తల్లీ," అన్నాడు.

అతను దిబ్బ దిగేదాకా పిన్ని బిగబట్టుకుంది. ఆ తర్వాత గుమ్మంలోనే కూలబడి, ఐలిఫ్‌ను పేరు పెట్టి పిలుస్తూ, మొదటిసారి ఏడ్చింది.