గద్దె మీద పెట్టిన సిలికాన్ పలక

దయ్యాల ప్రస్తావన వస్తే నేను కుర్చీలోంచి లేచి వెళ్లిపోతాను. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పదార్థ విజ్ఞానం నా వృత్తి. కొలవలేని వాటి గురించి మాట్లాడటం నాకు చిన్నతనంగా ఉంటుంది. అయినా ఇది పట్టపగలు, నా కళ్ల ముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది కార్వాన్ బస్తీలో తరతరాల వజ్రాల వ్యాపారం. మా తాత ఉండగానే అది పోయింది. తొంభైల చివరికి ఆ పెద్ద ఇంట్లో మాకు మిగిలింది వీధివైపు గది, వెనక వంటిల్లు. ఎవరి జాలినీ మేము కోరలేదు.

నేను అప్పుడు చేస్తున్న పని, వాయువులను వేడి చేసి సిలికాన్ పలక మీద వజ్రపు పొర పెంచడం. కంటికి ఆనని రేణువుల పొర. నానో అన్న మాట ఇంకా అందరి నోళ్లలో పడలేదు. పెరిగింది వజ్రమో ఉత్త మసో తేల్చే పరికరం మా ప్రయోగశాలలో లేదు. వేరే ఊళ్లో ఒకటి ఉంది, దాని మీద మాకు ఒక్కసారే అవకాశం ఇచ్చారు. అందులో వేలిగోరంత ముక్కే పడుతుంది. మసి అని తేలితే ప్రాజెక్టు మూసేస్తారు. దాంతో నా ఉద్యోగమూ పోతుంది.

మైక్రోస్కోపులో పలక నడిమి భాగం నునుపుగా, సమంగా కనిపించింది. అంచు గరుకుగా, మసకగా ఉంది. నడిమి ముక్కే విరిచి తీసుకెళ్లాలని మా ప్రొఫెసరు, నేను నిశ్చయించుకున్నాం. రైలు మర్నాడు కావడంతో పలకను డబ్బీలో పెట్టి ఇంటికి తెచ్చాను.

మా మేనత్త మాతోనే ఉండేది. మూత తీసి చూసింది.

"గిదేందిరా, గాజుకు మసి పూసినట్టున్నది. దీనికేనా గంత సదువు?"

"అది వజ్రం అత్తా."

"మీ తాత ఇంటే గల్లీ దాక తరుముతుండె. సరే తియ్, వజ్రమంటున్నవ్ గద. గద్దె మీద పెట్టు. పెట్టకుంట గడప దాటనియ్య."

అది మా ఇంటి ఆనవాయితీ. ఏ రాయైనా ఇల్లు దాటే ముందు ఉత్తరపు కిటికీ దగ్గర, తాత కూర్చునే తెల్లగుడ్డ గద్దె మీద కాసేపు ఉండాలి. ఆయన ఆ రాయి మీద హా అని ఆవిరి వదిలేవారు. గాజు మీద ఆవిరి నిలుస్తుంది, వేడిని త్వరగా లాగేసే వజ్రం మీద వెంటనే పోతుంది. ఆయన పోయాక ఆ గద్దె మీద ఎవరూ కూర్చోలేదు. నమ్మి కాదు, ఇంటి మర్యాద అని పలకను అక్కడ పెట్టాను.

మే నెల మధ్యాహ్నం. కరెంటు లేదు. గదిలో ఏ ఇనప వస్తువు ముట్టుకున్నా కాలుతోంది. నేను ఎదుటి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పలక మీద ఆవిరి పట్టింది. అంచు మీద పట్టీ పట్టకముందే పోయింది. నడిమి భాగం మీద నిలిచి, మెల్లగా ఆరింది.

లేచి వెళ్లి నేనూ హా అన్నాను. ఏమీ పట్టలేదు. పట్టదు కూడా. నోటి ఆవిరి చల్లని వస్తువు మీదే నీరవుతుంది, ఆ పలకేమో నా ఒంటికంటే వేడిగా ఉంది. పైగా అంత పలుచని పొర మీద తాత పరీక్ష పనిచేసే వీలే లేదు.

మేనత్త మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"బాపు సూసిండు," అంది. బాపు అంటే ఆమె తండ్రి, మా తాత. "నీకు సమజైందా, మల్లొక్కసారి సూడుమందునా?"

నిర్ణయం మార్చుకోవడానికి అది తగిన కారణం కాదని నాకు తెలుసు. అయినా అంచు ముక్కే విరిచి తీసుకెళ్లాను.

అది వజ్రమని తేలింది. తిరిగొచ్చాక మా ప్రొఫెసరు అడిగారు.

"నడిమి ముక్క అనుకున్నాం కదయ్యా, అంచు ఎందుకు పట్టుకెళ్లావ్?"

"అనిపించింది సార్."

"అనిపించిందా! రీడింగ్ లేనిదే టీలో చక్కెర కూడా ఒప్పుకోవు కదయ్యా నువ్వు!" అని నవ్వారు.

కొన్నేళ్లకు ఆ పరికరం మా దగ్గరికీ వచ్చింది. దాచి ఉంచిన నడిమి భాగాన్ని అందులో పెట్టి చూశాను. దాదాపు అంతా మసే.

ప్రాజెక్టు నిలిచింది. నా పరిశోధన జీవితమంతా దాని మీదే నడిచింది. ఆ తర్వాత వేడి పలకల మీద హా అని ఆవిరి వదిలి ఎన్నోసార్లు పరీక్షించాను. ఒంటికంటే వేడిగా ఉన్న పలక మీద నోటి ఆవిరి ఒక్కసారీ పట్టలేదు. ఆ మధ్యాహ్నం ఎలా పట్టిందో నాకు తెలియదు. తెలియదు అని రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయడానికి వేరే మాట దొరకలేదు.