ఇరవై రాళ్లు, ఒక బీడీ

మా కూలి గుంపులో నాతో కలిపి పదిహేను మంది ఆడవాళ్లం, ఒకే ఒక్క మగవాడు. ఆ ఒక్కడు బయ్యన్న, అరవై దాటినవాడు, పక్క ఊరి నుంచి ఈ ఏడే చేరినవాడు. గుంపుకు మేస్త్రీని నేను. ఎవరి చేలో ఏ పని ఉందో మాట్లాడేది నేనే, అందరినీ ఆటోలో కుక్కేది నేనే, తిట్టేదీ నేనే. సరళ నోరు మంచిది కాదని బెళుగుప్ప మండలమంతా అంటుంది. అననీ, నాకేం!

బయ్యన్న సంగతే నాకు అంతుపట్టేది కాదు. ఎప్పుడూ అతని భుజాన ఒక రేడియో వేలాడుతుండేది. పసుపు రంగు, ఇటుకంత ఉంటుంది. పైన సోలార్ పలక, పక్కన చేత్తో తిప్పే పిడి. నిమిషం తిప్పితే పావుగంట పలుకుతుంది. గొర్రెలు కాచే రోజుల్లో ఏదో సంస్థవాళ్లు ఇచ్చారట. సరే, రేడియో ఉన్నవాడు ఏం చేస్తాడు? పాటలు వింటాడు, వార్తలు వింటాడు. ఇతనేమో ముల్లును ఏ స్టేషనూ లేని చోటికి తిప్పి అక్కడే ఆపేవాడు. వట్టి బుస్సుమనే చప్పుడు. పోనీ చెవి దగ్గర పెట్టుకుంటాడా, అదీ లేదు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు దాని మీద అరచెయ్యి పెట్టి, ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాడు. "పాట పెట్టు బయ్యన్నా" అని ఆడవాళ్లు అడిగితే చాలాసార్లు పలికేవాడే కాదు. ఎంత పొగరు అని నాకు ఒళ్లు మండేది.

మొన్న హనుమంతరాయుడి చేలో వేరుశెనగ పీకుతున్నాం. ఆ చేలో నీడంటే ఒక్క చింతచెట్టే. మధ్యాహ్నం అందరం దాని కింద చేరి సద్ది విప్పాం. బయ్యన్న మాత్రం ఎండలో గట్టు మీద కూర్చుని తింటున్నాడు. నాకు ఇక ఆగలేదు. గిన్నె పట్టుకుని పోయి ఎదురుగా కూర్చున్నాను.

"ఏం బయ్యన్నా, నీడ చేదా నీకు? ఆ గరగరలో ఏం ఇనపడతాండాది?" అని గట్టిగా అడిగాను.

నా పెదాల వంకే చూశాడు. ముద్ద మింగి, నెమ్మదిగా చెప్పాడు.

"ఆరేండ్లయింది సరళమ్మా. నేనూ మా తమ్ముడు చెన్నప్పా గొర్రెలు తోలుకోని పోయింటిమి. తుంపర మొదలాయె. యాపచెట్టు కింద నిలబడితిమి. రేడియోలో పాట వస్తాంటే నడుమ నడుమ టప్పు, టప్పు అనె. చెడిపోయిందనుకోని దాన్ని రెండు కొడితి. ఇంకా ఎక్కువాయె. మళ్లా కొడితి. అది చెప్తాండాది, నేనేమో కొడతాండా. అంతలోకే పిడుగు పడె. చెన్నప్ప పోయినాడు. పదకొండు గొర్రెలు పోయినాయి. నా చెవులు పోయినాయి."

ఇన్నాళ్లూ ఇతను పలకలేదని తిట్టుకున్నానే, వినపడితే కదా పలకడానికి!

ఆ తర్వాత ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. ఎక్కడో దూరాన మెరిసినా సరే, ముల్లును ఖాళీ చోట నిలిపితే రేడియో టప్పుమంటుందట. మన కంటికి మెరుపు కనపడకముందే అంటుందట. కొత్త ఎఫ్ఎంలలో ఆ చప్పుడు రాదు, ఫోనులో అసలే రాదు. చెవులు లేవు కాబట్టి అరచేతితో వింటాడు. గొర్రెలను లెక్కపెట్టినట్టే రాళ్లతో లెక్క. ఒక్కో టప్పుకు ఒక రాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి. గడియారం బీడీ. ఒక బీడీ కాలిపోయేలోగా ఇరవై రాళ్లు జేబు మారితే పిడుగుల మబ్బు దగ్గరికొచ్చినట్టే. ఆరు వానకాలాలు చూసి తేల్చిన లెక్క అది.

"పైన ఎండ పలక ఉండంగా మళ్లా ఈ పిడి ఎందుకు?" అన్నాను.

"దీంతో పని పడేది మబ్బు పట్టినప్పుడే గదా. అప్పుడు ఎండ యాడుంటాది?" అని నవ్వాడు.

"ఇంత తెలిసినోడివి, అందరికీ చెప్పొచ్చు గదా?"

"మా ఊర్లో చెప్పినా. చెవిటోనికి రేడియో ఏందప్పా అని నవ్విరి."

మర్నాడు అతను చెవులు చూపించుకోవడానికి అనంతపురం పోతూ, ఆటో దగ్గరికొచ్చి నా చేతిలో రేడియో పెట్టాడు. గుడ్డసంచిలో ఇరవై రాళ్లు, ఒక బీడీ, అగ్గిపెట్టె. "రాళ్లు అయిపోయేతలికి బీడీ మిగిలింటే చేలో నిలబడొద్దు. చెట్టు కిందికి అసలే పోవద్దు. రోడ్డు పక్క పాత బడి ఖాళీగా ఉండాదే, అందరినీ ఆడికి తోలుకోని పో" అన్నాడు.

రెండు గంటలప్పుడు గుత్తి దిక్కున మబ్బు లేచింది. మా నెత్తిన మాత్రం ఫెళ్లున ఎండ. పిడి తిప్పాను. బుస్సుమంది. కాసేపటికి టప్పుమంది. బీడీ ముట్టించాను. ముట్టించి పక్కన పెడితే చాలనుకున్నాను, పాపిష్టిది ఆరిపోయింది! పీలిస్తేనే కాలుతుందట బీడీ. మళ్లీ ముట్టించి పీల్చాను. దగ్గు, కళ్లలో నీళ్లు.

"ఓయమ్మా, సరళక్క బీడీ తాగుతాండాది చూడండే!" అని ప్రశాంతి కేకపెట్టింది. అందరూ పని ఆపి పడీ పడీ నవ్వారు. మాలో పెద్దది జుబేదాబీ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "యా అల్లా, ఏం కాలమొచ్చిందమ్మా!"

నవ్వుకోనీ అని నేను రాళ్లు మారుస్తూనే ఉన్నాను. పన్నెండు. పదిహేను. టప్పు టప్పున రెండు ఒకేసారి. ఇరవయ్యో రాయి పడేసరికి బీడీ ఇంకా సగం ఉంది.

నిజం చెప్తాను, నాకు భయమేసింది. పిడుగంటే కాదు, తప్పయితే ఎలాగని. పీకిన చెట్లన్నీ చేలో పరుచుకుని ఉన్నాయి. తడిస్తే కాయ బూజు పడుతుంది. రెండేళ్లు వానల్లేక విత్తనం కూడా తిరిగి రాని హనుమంతరాయుడికి చేతికొచ్చిన పంట ఇదొక్కటే. కానీ రేడియో చెప్తుంటే దాన్ని కొట్టిన బయ్యన్న గుర్తొచ్చాడు.

"లేయండే! అన్నీ యాడివాడ ఇడిసి బడికి నడవండి!" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే హనుమంతరాయుడు మోటార్ సైకిల్ దిగాడు. నా నోట్లో బీడీ, భుజాన రేడియో, ఆడవాళ్లు దారి పడుతున్నారు.

"ఏమ్మా, బుద్ధుండాదా నీకు? మబ్బొస్తాంటే యాడికి పంపిస్తాండావు? పట్టలు చింతచెట్టు కింద ఉండాయి, తెచ్చి కప్పండి!"

"అన్నా, పిడుగు పడతాది. చెట్టు కాడికి పోవద్దు."

"నెత్తిన ఎండ కొడతాంటే పిడుగేంది? రాకుంటే పోండి, నేనే కప్పుకుంటా!" అని చెట్టు వైపు నడిచాడు.

మంచిగా చెప్తే వినే మనిషి కాదు. నాకు తట్టింది ఒక్కటే. బండికి వేలాడుతున్న తాళం లాక్కుని, "తాళం కావాల్నంటే రా!" అని బడి వైపు పరిగెత్తాను. కాయ మీద దిగులు కంటే నా మీద కోపమే అతన్ని ముందు నడిపించింది. తిట్లన్నీ తిడుతూ నా వెంట పడ్డాడు.

బడి గదిలోకి పోయాక కూడా చెయ్యి చాచి అరుస్తూనే ఉన్నాడు. చినుకు లేదు. మా ఆడవాళ్లే ఒకరినొకరు చూసుకుని సణుగుతున్నారు. నా పరువు పోయిందనుకున్నాను.

తెల్లగా మెరిసింది. ఆ వెంటనే చెవులు పగిలే చప్పుడు. కిటికీలోంచి చూస్తే చింతచెట్టు మొదలు దాకా నిలువునా చీలి ఉంది. దాని కింద పట్టలు మండుతున్నాయి. హనుమంతరాయుడి చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అందులో తాళం పెట్టాను. పట్టుకోలేదు, కింద పడింది. తర్వాత వాన కుమ్మేసింది. సగం పంట నానింది. "నాననీలేమ్మా" అని మాత్రం అన్నాడు, గోడకు ఆనుకుని కూర్చుంటూ.

సాయంత్రం బయ్యన్న ఇంటికి పోయాను. చెవులకు ఇక చేసేదేం లేదని, చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే మాత్రం కాస్త వినపడుతుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట ఒక ముక్కలో తేల్చేసి, "అందరూ పోయినారా బడికి?" అని అడిగాడు.

"పదిహేను మందిమి. రైతుతో పదారు" అని వేళ్లతో చూపించాను. మిగిలిన సగం బీడీ చేతిలో పెట్టాను. గోటితో కొలిచి చూసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, ముట్టించుకున్నాడు.

తర్వాత రేడియో ఒళ్లో పెట్టుకుని పిడి తిప్పాడు. ముల్లును ఖాళీ చోటి నుంచి జరిపి ఒక స్టేషను దగ్గర ఆపాడు. ఆరేళ్లలో అదే మొదటిసారట. దాని మీద అరచెయ్యి ఆనించి, "ఏం పాటమ్మా?" అన్నాడు.

"పాట గాదు బయ్యన్నా. యాపపిండి ఎట్ల చల్లాల్నో చెప్తాండారు."

"చెప్పనీ. నువ్వు నాకు చెప్పు."

మండలమంతా తిట్టుకునే నోరు కదా నాది. అతని చెవి దగ్గర పెట్టాను. ఎకరాకు ఎన్ని మూటలు, నేల ఏ పదునులో ఉంటే చల్లాలి, ఒక్క మాట పోకుండా, వీధి చివరిదాకా వినపడేలా అరిచి చెప్పాను.